పిల్లలతో రాచకొండ అడవికి: తిరిగొచ్చే టైమ్ ఇంట్లోనే పెట్టుకోండి

 

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అక్కా, మా పాపకు నాలుగేళ్లు, అడవికి తీసుకుపోవచ్చా? హైదరాబాద్ నుంచి పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేలా ఏదైనా చెప్పండి" అని. పోవచ్చు. హాయిగా పోవచ్చు. కానీ ముందు మేం చేసిన తప్పు చెప్పి, ఆ తర్వాత మిగతాది చెప్తాను. దారి ఒక్కటే చెప్తే మీరూ అదే తప్పు చేస్తారు. నేను కూడా రీల్స్‌లో దారి ఒక్కటే చూసి పోయినదాన్నే కదా.

మాది ఇబ్రహీంపట్నం. విజయవాడ పక్కన ఉన్నది కాదు, మన రంగారెడ్డి జిల్లాలో సాగర్ రోడ్డు మీద ఉన్నది, పెద్ద చెరువున్నది. కుతుబ్‌షాహీ సుల్తాన్ ఇబ్రహీం కులీ పేరు మీద వచ్చిన ఊరు. మా ఊరి నుంచి మంచాల, ఆరుట్ల వైపు పోతుంటే ప్లాట్ల బోర్డులు తగ్గుతాయి, గుట్టలు పెరుగుతాయి. అక్కడి నుంచి రాచకొండ అడవి. రాచకొండ అనగానే మీకు పోలీసులు గుర్తొస్తారు, 2016లో కమిషనరేట్‌కి ఆ పేరు పెట్టారు కాబట్టి. అసలు రాచకొండ అంటే కోట. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. లెక్కప్రకారం కోట ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి, సంస్థాన్ నారాయణపురం మండలంలోకి వస్తుంది. కానీ అడవికి జిల్లా బోర్డర్ తెలియదు కదా, మాకు అది ఇంటెనక గుట్ట లెక్కనే.

సరే, విషయానికొస్తా. ఫిబ్రవరి నెలాఖరు, ఆదివారం. నేను, మా ఆయన, మా పెద్దది, దానికి ఏడేళ్లు, చిన్నోడికి నాలుగు. మోదుగు పూలు విరగబూసి ఉంటాయి, ఫొటోలు బాగొస్తాయి అని నేనే మొదలుపెట్టాను. మా అత్తమ్మ కూడా వస్తానంది. ఆమె పుట్టింది ఆ గుట్టల కింద ఊళ్లోనే. చిన్నప్పుడు తునికాకు ఏరడానికి రోజూ అడవిలోకే పోయేది. మేమేమో "మోకాళ్ల నొప్పులు పెట్టుకుని నువ్వెందుకు అత్తమ్మా, నీతోని నడక ఆలస్యమైతది" అన్నాం. ఆమె ఏమీ అనలేదు. బయలుదేరేటప్పుడు మాత్రం ఒక మాటంది. "ఎండెక్కినంక పిల్లల్ని గుట్ట ఎక్కిస్తరా? పొద్దుగాలనే పోవద్దా?" అని. అప్పుడు టైమ్ తొమ్మిదిన్నర. ఏడింటికి పోదామనుకున్నది తొమ్మిదిన్నర అయింది. పిల్లలున్న ఇళ్లలో ఏడు అంటే తొమ్మిదిన్నరే, మీకు తెలుసు (నవ్వు).

నడక మొదలుపెట్టేసరికి పదకొండు దగ్గరపడింది. మొదటి అరగంట ఎంత బాగుందో చెప్పలేను. మోదుగు చెట్టుకు ఆ టైమ్‌లో ఆకు ఉండదు, మొత్తం నారింజ రంగు పువ్వే. పెద్దది కింద రాలిన పూలు ఏరి ఫ్రాక్‌లో నింపుకుంది. చిన్నోడు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు చూసి "ఇవి ఎవరు పెట్టిండ్రు, జేసీబీతోనా?" అన్నాడు. మన దక్కన్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. గాలికి, వానకు, ఎండకు పగిలి, గుండ్రమై అట్లా నిలబడ్డాయి. నాలుగేళ్లోడికి ఇది చెప్తే వాడు "అయితే అప్పుడు జేసీబీ లేదా?" అన్నాడు. లేదురా అన్నాను. వాడికి చాలా బాధేసింది.

కోట గోడలు కూడా ఆ బండల్తోనే కట్టారు. మధ్యలో సున్నం లేదు, మట్టి లేదు. ఇంత పెద్ద రాయి మీద అంత పెద్ద రాయి సరిగ్గా కూర్చోబెట్టారు, అంతే. రాతి ద్వారం కనిపించగానే మా ఆయన హుషారు రెట్టింపైంది. పెద్దది అక్కడే మొదటిసారి అంది, "డాడీ, ఇంటికి పోదాం" అని. ఆయన "ఇంకొంచెమే తల్లీ, పైన ఒక ఫొటో దిగి వచ్చేద్దాం" అన్నాడు. నేనూ ఆపలేదు. ఎదురుగా దిగుతున్న కాలేజీ పిల్లల్ని అడిగితే "పది నిమిషాలే ఆంటీ" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల కాళ్లకు పది నిమిషాలే. చిన్నోడి కాళ్లకు ముప్పావుగంట. పైగా వాడు నడిచేది కాసేపు, చీమలు చూసేది కాసేపు.

నీళ్ల సంగతి చెప్తా. నలుగురికి మూడు లీటర్లు తీసుకుపోయాం. సరిపోతాయనుకున్నాం. ఒక లీటర్ తాగాం. ఒక లీటరేమో... చిన్నోడికి దారిలో టాయిలెట్ వచ్చింది, కడగడానికి, చేతులకు, మధ్యలో పెద్దది బిస్కెట్ చేతులు కడుక్కోవడానికి పోయింది. నవ్వకండి, ఈ లెక్క ఎవరూ వేయరు, నేనూ వేయలేదు. మిగిలింది ఒక లీటర్. ఇంకా దిగాల్సిన దారంతా ముందుంది. టైమ్ పన్నెండున్నర.

అప్పుడు చిన్నోడు మాట్లాడటం ఆపేశాడు.

మా వాడు నిద్రలో కూడా మాట్లాడతాడు. అలాంటోడు ఒక్క మాట లేదు. నేను మొదట అలిగాడనుకున్నా. "ఐస్‌క్రీమ్ కొనిస్తా" అన్నా చూడలేదు. మొహం ఎర్రగా అయిపోయింది, ఒళ్లు కాలుతోంది. ఎత్తుకోగానే నా భుజం మీద వాంతి చేసుకున్నాడు. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. పొద్దుటి నుంచి వీడియోలు తీసి తీసి బ్యాటరీ పదమూడు పర్సెంట్. ఆ పదమూడు అంకె నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

మా ఆయన వాణ్ని ఎత్తుకుని దిగడం మొదలుపెట్టాడు. పదిహేను కిలోల పిల్లాడు. ఎక్కేటప్పుడు ఇద్దరు పిల్లలూ వాళ్ల కాళ్ల మీద వాళ్లు ఎక్కారు. దిగేటప్పుడు ఒకణ్ని మోయాలి, రెండోదాన్ని చెయ్యి పట్టుకుని దింపాలి. కాలు జారే రాళ్లు, మిట్ట మధ్యాహ్నం ఎండ. పెద్దది ఏడవట్లేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది.

కొంత దిగాక ఒక మేకల కాపరి పెద్దాయన కనిపించాడు. మమ్మల్ని చూడగానే ఆయనకు అర్థమైంది. "ఆగుండ్రి, ఉర్కకుండ్రి" అన్నాడు. పరుగెత్తితే పిల్లాడు ఇంకా వేడెక్కుతాడు, మీరు పడిపోతారు అని. పక్కన రెండు పెద్ద బండల మధ్య నీడలోకి తీసుకుపోయాడు. ఎండ అసలు తగలని చోటు, లోపల చల్లగా ఉంది. మేం అదే చోటు పక్క నుంచి ఎక్కాం, చూడనే లేదు. వాడి చొక్కా విప్పించి, తన దగ్గరున్న నీళ్లతో తువ్వాల తడిపి మెడకు, చంకలకు, తొడల దగ్గర పెట్టించాడు. మిగతా బట్టతో విసరమన్నాడు. నీళ్లు గటగట తాగించబోతే నన్ను ఆపాడు, "మూతతోని పొయ్యి, మూతతోని" అన్నాడు. బాటిల్ మూతతో, ఒక్కో మూత. ఇరవై నిమిషాల తర్వాత చిన్నోడు కళ్లు తెరిచి, మేకను చూసి, "దాని పేరేంటి?" అన్నాడు. నేను అప్పుడు ఏడ్చాను.

ఊళ్లోకి వచ్చాక డాక్టర్‌కి చూపించాం. ఎండ దెబ్బకు ముందు దశ అన్నారు. ఆయన చెప్పినవి మీకు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. చిన్నపిల్లల ఒళ్లు మనకంటే తొందరగా వేడెక్కుతుంది, చెమట మనంత పట్టదు. ఆటలో ఉంటే దాహం అని చెప్పరు కూడా. కాబట్టి అడగొద్దు, ప్రతి ఇరవై నిమిషాలకు నాలుగు గుక్కలు ఇవ్వాలి. చిరాకు పడుతున్నా, ఊరికే కూర్చుండిపోతున్నా, మాట తగ్గినా, చాలాసేపు మూత్రం పోకపోయినా, పోసినా ముదురు పసుపు రంగులో ఉన్నా, అక్కడే ఆగిపోవాలి. నీడ, తడిబట్ట, గాలి, కొద్దికొద్దిగా నీళ్లు. పిలిస్తే పలకకపోయినా, తిక్కతిక్కగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా అది వేరే సంగతి. అప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు, ఒళ్లు చల్లబరుస్తూనే 108కి ఫోన్, ఆస్పత్రి.

ఇక్కడ ఒక చిన్న పక్క మాట. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ రెండు జేబులో పెట్టుకోండి. పొడి ప్యాకెట్, లీటర్ నీళ్లలో మొత్తం ఒకేసారి కలిపేది. అట్టపెట్టెలో స్ట్రా వేసుకుని తాగే తియ్యటి డ్రింకులు కాదు. వాటి మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్ముతుంటే, మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అసలు ఫార్ములా ప్రకారం లేని డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. వాటిలో చక్కెర ఎక్కువ. విరేచనాలు అవుతున్న పిల్లలకు అది ఇంకా చెడ్డది. ప్యాకెట్ దొరక్కపోతే లీటర్ నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, స్పూన్ తలకొట్టి కొలవాలి.

ఆ రోజు సాయంత్రం అయిదున్నరకు చిన్నోడు మూత్రం పోశాడు. మా ఇంట్లో దానికి చేసుకున్నంత సంబరం వాడి ఫస్ట్ బర్త్‌డేకి కూడా చేసుకోలేదు (నవ్వు).

మా అత్తమ్మ ఒక్క మాట దెప్పలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం అడిగింది. "యాడ మర్రి రావాల్నో అనుకొని పోయిండ్రా?" అంటే, ఎక్కడ వెనక్కి తిరగాలో అనుకుని పోయారా అని. మేం ఎక్కడిదాకా పోవాలో అనుకున్నాం. ఎక్కడ తిరగాలో అనుకోలేదు. తునికాకుకు పోయేవాళ్లు అట్లనే లెక్క వేసుకునేవాళ్లట. పొద్దు ఇంత ఎత్తుకొస్తే ఆకు ఎంతున్నా సరే మూట కట్టి తిరగడమే. ఎందుకంటే వచ్చేటప్పుడు నెత్తిన బరువుంటుంది. నేను మా ఆయన భుజం మీది పదిహేను కిలోలు గుర్తుచేసుకున్నా.

అదే ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పాలనుకున్నది. పిల్లలతో పోయేటప్పుడు తిరుగు టైమ్ ఇంట్లోనే, చల్లగా కూర్చున్నప్పుడే పెట్టుకోండి. గుట్ట మీద పెట్టుకోలేరు. పైన కోట కనపడుతుంటే, ఫోన్ చేతిలో ఉంటే, ఎవరికీ బుద్ధి పనిచేయదు, నాకు పనిచేయలేదు. మేమిప్పుడు ఫోన్‌లో అలారం పెడతాం. నడక మొదలైన గంటకు అలారం మోగుతుంది. మోగితే ఎక్కడున్నా తిరగడమే, కోట గుమ్మం ముందున్నా సరే. ఇంకో అలారం అవసరం లేనిది నీళ్లు: సగం అయిపోతే టైమ్ కాకపోయినా తిరగడమే. ఇప్పుడు నలుగురికి ఆరు లీటర్లు తీసుకుపోతాం, కడుక్కోవడానికి వేరే బాటిల్. బరువే. కానీ ఆ బరువు మోయలేని దూరం పిల్లలతో పోకూడని దూరమే అని మా లెక్క.

రెండోసారి పోయింది కార్తీకంలో, నవంబర్‌లో. ఈసారి అత్తమ్మను బతిమాలి తీసుకుపోయాం. ఆరుట్ల దగ్గర బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది, కార్తీక పౌర్ణమికి జాతర మొదలవుతుంది. జాతర రోజుల్లో పోతే మీకు అడవి కనపడదు, మనుషులే కనపడతారు. అదీ బాగుంటుంది, కానీ వేరే రకం. మేం జాతర అయిపోయాక పోయాం. ఆరున్నరకు బయలుదేరాం, ఈసారి నిజంగానే ఆరున్నర. అత్తమ్మ అయిదింటికే రెడీ అయి కుర్చీలో కూర్చుంటే ఎవరికి నిద్ర పడుతుంది?

ఆమెతో నడిస్తే తెలిసింది, మేం మొదటిసారి అడవి చూడలేదు, కోటవైపు మాత్రమే చూశాం. తంగేడు అప్పటికి అక్కడక్కడ ఇంకా పూసి ఉంది. పెద్దది బతుకమ్మ పువ్వు అని గుర్తుపట్టింది. అది మార్కెట్‌లో కొనేదే అనుకుంటోంది ఇన్నాళ్లూ. సీతాఫలం చెట్లలో చివరి కాయలున్నాయి. కాయ మీద గీతలు విచ్చుకుని తెల్లబడితేనే కోయాలట, గింజ నమలకూడదు, గింజ పొడి పడితే కళ్లు మండుతాయట. పరికి పండ్లు చూపించింది. నల్లగా, చిన్నగా, పుల్లగా ఉంటాయి, ముళ్లేమో వెనక్కి వంగి ఉంటాయి, చెయ్యి లోపలికి పోతుంది కానీ బయటికి రాదు. దూలగొండి తీగ దూరం నుంచే చూపించి "గది ముట్టుకుంటే మూడు రోజులు గోక్కునుడే" అంది. చిన్నోడు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు, తిరిగి కారెక్కేదాకా తీయలేదు.

తెలియని కాయ ఏదీ నోట్లో పెట్టనివ్వకండి. అత్తమ్మ లాంటి మనిషి పక్కన ఉంటే వేరు. గూగుల్ లెన్స్ చూసి తినేది మాత్రం వద్దు.

పాముల గురించి అందరూ అడుగుతారు, తొందరగా చెప్పేస్తా. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగూ మన దగ్గర ఉన్నవే. బూట్లు వేయండి, చెప్పులు కాదు. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దని, ఆకుల కుప్పలో దూకొద్దని పిల్లలకు ముందే చెప్పండి. మేం ఇద్దరిలో ఒకరు ముందు నడుస్తాం, పిల్లలు మధ్యలో. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, నాటు మందు, ఇవేవీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, పిల్లల్ని నడిపించకుండా ఎత్తుకుని, విరుగుడు ఇంజెక్షన్ ఉండే ప్రభుత్వ ఆస్పత్రికి. పామును పట్టి తీసుకుపోవాల్సిన పని కూడా లేదు. ఇక యాచారం, కడ్తాల్ వైపు చిరుత దూడల్ని చంపిందని వార్తలు వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అందుకే పొద్దు వాలకముందే బయటికి, పిల్లలు చేతికి అందేంత దూరంలో. బండల కింద పెద్ద తేనెపట్టు కనపడితే అరవకండి, రాయి వేయకండి, పొగ పెట్టకండి, వచ్చిన దారిన వెనక్కి. అడవిలో నిప్పు పెట్టడం నేరం కూడా, ఎండాకాలంలో ఒక బీడీ ముక్క చాలు గుట్ట మొత్తం అంటుకోవడానికి.

ఫోన్ గురించి ఒకటి. సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది. అందుకే మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని, లోపలికి పోయాక ఒక ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. ఫొటోలకు రెండోది. ఇంట్లో ఒకరికి, మీ అన్నకో వదినకో, "ఇక్కడికి పోతున్నాం, మూడింటికల్లా ఫోన్ చేస్తాం, రాకపోతే వెతకండి" అని చెప్పి పోండి. మేం మొదటిసారి స్టేటస్ పెట్టాం కానీ ఎవరికీ చెప్పలేదు.

అసలు మీ పిల్లలు ఎప్పుడూ నడవలేదా, నేరుగా రాచకొండ వద్దు. వనస్థలిపురంలో హరిణ వనస్థలి ఉంది, కృష్ణజింకలు కనపడతాయి. సాగర్ రోడ్డు మీదే గుర్రంగూడ దగ్గర సంజీవని వనం ఉంది. అక్కడ ఒక గంట నడిపించి, ఎంతసేపటికి "ఎత్తుకో" అంటారో చూడండి. మీ పిల్లల రేంజ్ అదే, అందులో సగం దూరంలో తిరగాలి.

ఆ నవంబర్ రోజు అలారం మోగేసరికి మేం రాతి ద్వారం దాకా కూడా చేరలేదు. చిన్నోడికి గొల్లభామ ఒకటి దొరికింది, దానితోనే ఇరవై నిమిషాలు పోయాయి. అక్కడే బండ మీద కూర్చుని అత్తమ్మ కట్టిన సద్ది తిన్నాం, జొన్న రొట్టె, పల్లీల పచ్చడి. పెద్దది అడిగింది, "నానమ్మా, రాజులు పైన ఉంటే నీళ్లెట్లా?" అని. అత్తమ్మ పక్క బండలో గుంట చూపించింది, వాన నీళ్లు అడుగున కొంచెం మిగిలి ఉన్నాయి. నీళ్లు నిలిచే చోటు చూసే మనిషి నిలుస్తాడు, రాజైనా అంతే అంది. అనపోత నాయకుడు ఈ గుట్టను రాజధానికి ఎంచుకున్నప్పుడు, పైన అంతమంది తాగాలంటే నీళ్ల లెక్క ముందే వేసుకుని ఉంటాడు కదా. ఆయన కొడుకు సింగభూపాలుడు నాటకాల మీద శాస్త్రం రాశాడు, "రసార్ణవ సుధాకరం". అంత తీరికగా కూర్చుని రాసుకున్నాడంటే నీళ్లకు కొదవ లేనట్టే. మేమేమో మూడు లీటర్లతో ఎక్కాం.

పదకొండున్నరకల్లా కింద ఉన్నాం. మేకల పెద్దాయన కోసం చూశాం. కింద చిన్న హోటల్‌లో అడిగితే ఇవాళ అటు గుట్టకు పోయిండన్నారు. ఆయన కోసం తీసుకుపోయిన కొత్త తువ్వాల అక్కడే ఇచ్చి వచ్చాం.

కోట పైన ఏముందో మేం ఇప్పటికీ చూడలేదు. చిన్నోడు దాని గురించి రోజూ అడుగుతాడు. ఎత్తుకోకుండా పైదాకా ఎక్కి దిగగలిగినప్పుడు తీసుకుపోతామని వాళ్ల డాడీ చెప్పాడు. వాడిప్పుడు తలుపు చెక్క మీద పెన్సిల్‌తో ఎత్తు గీసుకుంటున్నాడు, వారానికి రెండుసార్లు.

మీరు పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోయారు, ఎక్కడ తిరిగి వచ్చారు, కింద రాయండి. ఉంటాను మరి.